పదికి ఒకటి గంగమ్మకి

1. మూత వేసి పద్దెనిమిదో రోజు

రోజూ రెండు ముక్కలు ఫోన్లో కొట్టి పెట్టమన్నారు ఇందుమతి మేడమ్. లెక్కల్లోంచి ఈ గదిలోకి వచ్చిన మొదటివాణ్ణి నేనేనట. నా తర్వాత వచ్చేవాడికి పనికొస్తుందట. నువ్వెవరో నాకు తెలీదు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు, ఫోన్లో కొట్టడమైతే వచ్చు. అందుకే సరే అన్నాను. అంటే తలూపాను.

నా పేరు మసేను. పదహారేళ్లు. మూడో తరగతి దాకా చదివాను. మన వాడలన్నీ సముద్రంలో కంబాల మీద నిలబడ్డవే కదా, ఆ ఏడు తుఫానుకి బడి ఉన్న కంబం నీళ్లలోకి ఒరిగిపోయింది, నా చదువూ దాంతోనే పోయింది. నిన్నటిదాకా నాలుగో వాడ నీళ్ల గాబుకి లెక్క రాసేవాణ్ణి.

ఇవాళ కొత్త చెప్పులు ఇచ్చారు. ఈ గదిలో చెప్పులు లేకుండా కూర్చోకూడదట. ఆఫీసు వాళ్లు దీన్ని స్ట్రాటజీ అంటారు. వాడల్లో అందరూ ముందుచూపు గది అంటారు. పొద్దున్నంతా అందులో కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా.

2. పందొమ్మిదో రోజు

నన్నెందుకు తీసుకున్నారో ఇవాళ తెలిసింది. కోదండం సారు చెప్పారు. ఆయన మేడమ్ తర్వాతి మనిషి. గొంతు పెద్దది, నవ్వినా తిట్టినట్టే ఉంటుంది.

"నాలుగు గాబుల మీదా ఒకే వాన పడింది. నీళ్లు గాబుల్లోకి దిగడానికి ఒకేలాంటి వానగుడ్డలు పట్టాం. మిగతా మూడూ తొంభై తొమ్మిది గంట్లు చూపించాయి. నీది నూట పది. ఏం చేశావోయ్?"

నేను ఏమీ చేయలేదు. ఆ మాట చెప్పలేక నేల చూశాను. సిగ్గనుకున్నారు. "గుంభనంగా ఉన్నాడు, మంచిదే" అన్నారు మేడమ్‌తో.

నిజం నీకు చెప్తాను. వాన కాలం అయిపోగానే గాబులో కర్ర దించి కొలుస్తాం కదా, ఎంతవరకు తడిసిందో చూసి, కర్ర మీది గంట్లు లెక్కపెట్టి, కాగితం మీద రాసి, మూతకి తారు పూసేస్తాం. మళ్లీ వాన పడేదాకా మూత తీయకూడదు, ఉప్పుగాలి తగిలితే నీళ్లు పాడైపోతాయి. వాడ మొత్తానికి రోజుకి ఒక గంటు. ఎండలు వంద రోజులు. అంటే వంద గంట్లుంటే బతుకుతాం.

అయితే లెక్కల వాళ్లు కర్ర చెప్పింది రాయరు. పది గంట్లు కనిపిస్తే తొమ్మిదే రాస్తారు. ఆ ఒక్కటీ గంగమ్మ వాటా. ఎండలు నాలుగు రోజులు ఎక్కువైతే అదే కాపాడుతుంది. ఆఫీసుకి చెప్పరు. నాకు పని నేర్పిన ఎర్రయ్య తాత, మూడో గాబు ఆయన, మొదటి రోజే నా చెవిలో చెప్పిన మాట ఇది. తొంభై తొమ్మిది అంటే నిజంగా నూట పది.

ఈ ఏడు మొదటిసారి నా సంతకంతో కాగితం వెళ్లింది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. కర్ర నూట పది చూపించింది, నూట పదే రాశాను. తాతకి చెప్పలేదు. నా గాబులోనూ నీళ్లు అందరిలాగే ఉన్నాయి. దాచలేదు, అంతే. దానికి కుర్చీ ఇచ్చారు.

3. ఇరవయ్యో రోజు

గదిలోకి వెళ్లేముందు ఫోన్లు బుట్టలో పెట్టాలి. కాగితం కూడా కోదండం సారు దగ్గరే ఉంటుంది. ఎవరేమనుకున్నా నోటితోనే చెప్పాలి. మేడమ్ ఒక మాట పెట్టి మూడుసార్లు అడుగుతారు. మూడోసారికి కూడా నోరు విప్పనివాడు ఒప్పుకున్నట్టే.

అక్కడ పని ఎలా చేస్తారో చెప్తాను. లెక్కల్లో నిన్న ఏం జరిగిందో రాస్తాం. ఇక్కడ ఆఖరి రోజు ఎలా ఉండాలో ముందు చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి ఒక్కో రోజే వెనక్కి నడుచుకుంటూ ఇవాళ్టికొస్తారు. వినడానికి బాగుంది. రాత్రి పడుకుని నేనూ అలా చేసి చూశాను. మధ్యలో ఎక్కడో తప్పిపోయాను.

4. ఇరవై ఒకటో రోజు

తొందరలో కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకో.

ఓడ వచ్చింది. దానిలో కొత్త వానగుడ్డలు ఉన్నాయి. మనవి పోయిన తుఫానుకి సగం చిరిగాయి. అవి లేకపోతే వచ్చే వానకి గాబులు సగం కూడా నిండవు. కాబట్టి తీసుకోక తప్పదు. ఓడవాళ్లకి డబ్బులక్కర్లేదు, తాగే నీళ్లు కావాలి. రెండు వందల డ్రమ్ములు. గంటుకి పది డ్రమ్ములు. అంటే ఇరవై గంట్లు. ఇరవై ఎనిమిదో రోజు వెళ్లిపోతారు.

కోదండం సారు కాగితం పరిచారు. తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది, నూట పది. తర్వాత పెన్సిల్ తీసి మొదటి మూడింటి పక్కన నూట పది, నూట పది, నూట పది అని రాశారు.

 వీళ్లకి తెలుసు.

"ఎనిమిదేళ్లుగా ప్రతి ఏడూ కాగితం మీద నీళ్లు తక్కువ పడతాయి. ప్రతి ఏడూ వాన వచ్చేసరికి అడుగున నీళ్లు మిగులుతాయి" అని నవ్వారాయన. "వాళ్ల తృప్తి వాళ్లది. మేం కలుపుకుంటాం."

తర్వాత నా నూట పది పక్కన నూట ఇరవై రెండు అని రాశారు. నేనూ దాచాననుకున్నారు.

"నాలుగో గాబులోంచి ఇరవై తీస్తే మొత్తం వంద రోజులకీ ఇంకా నూట రెండు ఉంటాయి. ఒక్క గొట్టంతో పని అయిపోతుంది" అన్నారు.

నూట రెండు కాదు. తొంభై. ఆఖరి పది రోజులు నాలుగో వాడలో చుక్క ఉండదు. మూడు వందల నలభై మంది.

మేడమ్ ఒకసారి అడిగారు. రెండోసారి అడిగారు.  మూడోసారి నావైపు చూసి మరీ అడిగారు. నేను ఆమె గాజుల వైపు చూశాను.

అయిపోయింది. ఒప్పుకున్నట్టే.

5. అదే రోజు, మధ్యాహ్నం

అన్నానికి ఇంటికెళ్లాను. ఇల్లంటే మా అక్క నూకాలు ఇల్లు, నాలుగో వాడలోనే. దానికి నాలుగు నెలల పాప.

"రండి రండి ఆఫీసరుగారూ! కుర్సీలో కూకుంటే నడుం నొప్పెట్టనేదేటి?" అంది. గ్లాసుడు నీళ్లలో గుడ్డ ముంచి పాప ఒళ్లు తుడుస్తోంది. ఆ నీళ్లతోనే పాప గుడ్డలు తడుపుతుంది, వాటితోనే గడప తుడుస్తుంది.

"అక్కా, పది రోజులు నీళ్లు లేకపోతే ఏం చేస్తావు?" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. చేతిలో గుడ్డ ఆపేసింది. "ఎవులికి నేకపోతే? మనకా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మొకం కాదది. ఒరే, పాలు నా ఒంట్లోంచి రావాల. నాను తాగితేనే అది తాగుద్ది. ఆ గదిలో కూకున్నోలకి ఎవులైనా సెప్పారా ఆ మాట?"

అన్నం తినలేదు. నువ్వు నా కుర్చీలో కూర్చున్నాక ఇంటికెళ్లి ఇలాంటివి అడక్కు.

6. ఇరవై రెండో రోజు

పొద్దున్నే మేడమ్‌కి మెసేజ్ పెట్టాను. ఏడుసార్లు చెరిపి రాశాను. "నాలుగో గాబులో నూట పదే ఉన్నాయి మేడమ్. నేను దాచలేదు. క్షమించండి."

జవాబు వెంటనే వచ్చింది. "గదిలో చెప్పు."

7. ఇరవై మూడో రోజు

చెప్పాను. లేచి నిలబడి, బల్ల అంచు పట్టుకుని చెప్పాను. ఎన్ని మాటలు చెప్పానో తెలీదు, అయిదో ఆరో ఉంటాయి. 

కోదండం సారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"బాబూ, నీ అక్క ఏ వాడలో ఉంటుంది?"

"నాలుగో వాడండి."

"తన గాబులో నీళ్లు పోతాయంటే ప్రతి లెక్కల మనిషీ ఈ మాటే చెప్తాడు. మా దగ్గర దాచిందేమీ లేదు, మా పిల్లలు చచ్చిపోతారు అని. ఎర్రయ్య నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు ఒక ఏడు. వాన వచ్చాక చూస్తే పన్నెండు గంట్లు మిగిలాయి."

"నేను నిజంగా..."

"ఎర్రయ్యా అదే అన్నాడు. నిజంగా అని."

మూత తీసి చూడండి అన్నాను. తీస్తే ఉప్పుగాలికి మొత్తం పోతుంది, నువ్వు చెప్పింది నిజమైనా అబద్ధమైనా ఆ వాడ ఎండిపోతుంది అన్నారు. అది నిజమే.

ఆ గదిలో కూర్చునే మిగతా ఇద్దరు గోడవైపు చూస్తున్నారు. నేను కూర్చోబోయాను. అప్పుడు మేడమ్ మాట్లాడారు. ఆవిడ గట్టిగా మాట్లాడరు. అందుకే అందరూ ఆగుతారు.

"తప్పుందని చెప్పావు. అది లెక్కల పని, బాగానే చేశావు. తప్పుంటే ఏం చేయాలో చెప్పడం ఈ గది పని. నిన్ను నమ్మాలో వద్దో నాకు తెలీదు మసేనూ. నిన్ను నమ్మక్కర్లేని దారి ఏదైనా ఉంటే ఎల్లుండికి తీసుకురా. లేకపోతే గొట్టం నాలుగో గాబుకే వేస్తాం."

నమ్మక్కర్లేని దారి అంటే ఏంటో అర్థం కాలేదు. అడక్కుండానే వచ్చేశాను.

8. ఇరవై నాలుగో రోజు

ఏమీ తట్టలేదు. బల్లమీద నాలుగు గ్లాసులు పెట్టుకుని కూర్చున్నాను. అక్క "నీల్లు పోసి ఆడకు" అని అరిచింది. ఖాళీవేలే అన్నాను.

9. ఇరవై అయిదో రోజు

ఇది నీకు బాగా పనికొస్తుంది, జాగ్రత్తగా చదువు.

నిన్నంతా నేను చేసిన తప్పు ఏంటంటే, నా నూట పది నిజమని ఎలా చూపించాలా అని ఆలోచించాను. అది లెక్కల బుద్ధి. పొద్దున్న గ్లాసుల్ని చూస్తుంటే వేరే మాట తట్టింది. నా మాట అబద్ధమే అనుకుందాం. అప్పుడు ఏ దారిలో ఎవరూ చావరు? నిజమే అనుకుందాం. అప్పుడు ఏ దారిలో ఎవరూ చావరు? రెండింటికీ ఒకే దారి ఉంటే, నేను నిజం చెప్తున్నానా లేదా అని ఎవరూ తేల్చక్కర్లేదు.

గదిలో నాలుగు వేళ్లు చూపించాను. మాటలు రాకపోతే వేళ్లు వాడుకో, ఎవరూ నవ్వరు.

"ఒక్కదాంట్లోంచి ఇరవై కాదండి. నాలుగింట్లోంచి అయిదు అయిదు. మొదటి మూడింట్లోనూ నూట పది ఉన్నాయని మీరే రాశారు. అయిదు పోతే నూట అయిదు. నాలుగోదాంట్లో నేను చెప్పినట్టే ఉన్నా నూట అయిదు. మీరు చెప్పినట్టుంటే ఇంకా ఎక్కువ. ఎలాగైనా వంద దాటుతుంది."

కోదండం సారు పెన్సిల్ పక్కన పెట్టారు. 

"నాలుగు గొట్టాలు కావాలి. రెండు రోజుల పని" అన్నారు.

"మూడు రోజులున్నాయండి."

"నీ గాబు తాళం ఇప్పుడు మా దగ్గరుంది. మిగతా మూడు కుళాయిల తాళాలు లెక్కల వాళ్ల దగ్గరుంటాయి. వాళ్ల కాగితం ప్రకారం తొంభై తొమ్మిదే. అయిదు తీస్తే తొంభై నాలుగు. వాడకి తక్కువ పడుతుందంటే తాళం ఇవ్వనని చెప్పే హక్కు వాళ్లకుంది. ఇవ్వరు. దాచామని ఒప్పుకుంటే తప్ప ఇవ్వలేరు. ఒప్పుకుంటారా?"

మేడమ్ నావైపు తిరిగారు. "ఎర్రయ్య కుళాయి తిప్పితే ఒకటి, రెండు గాబుల వాళ్లూ తిప్పుతారు. వెళ్లి తిప్పించు. రేపు సాయంత్రం లోపల. ఆయన తిప్పకపోతే మొదటి మాటే ఖాయం."

మూడుసార్లు అడిగారు. ఈసారి నేను పైకే "సరేనండి" అన్నాను.

10. ఇరవై ఆరో రోజు

మూడో గాబు కుళాయి కంబం మొదట్లో ఉంటుంది, ఇనప మెట్లు దిగాలి. తాత అక్కడే స్టూలు మీద కూర్చుని వాడవాళ్లకి డ్రమ్ములు పట్టిస్తున్నాడు. పని అయ్యేదాకా నన్ను చూడనట్టే ఉన్నాడు. అందరూ వెళ్లాక నా కాళ్లవైపు చూశాడు.

"సెప్పులేసుకున్నావేటి! ఏదీ, ఒకపాలి నడు. కిర్రు కిర్రు మంటాయా?"

"తాతా, ఒక మాట చెప్పాలి."

"నీకు మాటలొచ్చీసినాయా! ఓలమ్మో."

ఓడ సంగతి చెప్పాను. ఇరవై గంట్లు, నా గాబు, అక్క, అన్నీ చెప్పాను. తర్వాత అసలుది. "ఈ ఏడు నేను గంగమ్మ వాటా వదల్లేదు తాతా. కర్ర చూపించిందే రాశాను."

"తెలుసు."

"ఎలా?"

"నిన్ను పైకి తీసుకెల్లినప్పుడే తెలిసిపోనాది. వాటా ఒగ్గినోడిని ఎవుడు పైకి తీసుకెల్తాడురా? నాను ముప్పయ్యేల్లనించి ఇక్కడే ఉన్నాను సూడు." నవ్వలేదు.

"వాళ్లకి కూడా తెలుసు తాతా. వాటా సంగతి. ఎనిమిదేళ్ల నుంచి కలుపుకునే చదువుతున్నారు."

 తాళంచెవి తాత మొలతాడుకి కట్టుకుని ఉంటుంది, దాన్ని వేళ్లతో తిప్పుతున్నాడు.

"ఎనిమిదేల్లు" అన్నాడు చివరికి. "ఎనిమిదేల్లూ దొంగోడిలాగ బయపడి సచ్చాను గదరా. కాయితం పట్టుకెల్లిన పెతీసారీ కాల్లొణికీవి. ఆ కోదండం కాల్లట్టుకుని ఏడిసేను కూడాను. తెలిసీ ఏడవనిచ్చాడా ఆడు?"

 మెట్టు మీద కూర్చున్నాను.

"అయిదు గంట్లు ఇస్తే చాలు తాతా. నీకు నూట పది ఉన్నాయి కదా."

అప్పుడు నా మొహంలోకి చూశాడు. నేను పని నేర్చుకున్న ఏడాదిలో ఎప్పుడూ అలా చూడలేదు.

"ఉన్నాయని ఎవుడు సెప్పాడు?"

"నువ్వే కదా నేర్పావు, పదికి..."

"నేర్పేను. ఈ ఏడు ఒగ్గేనని సెప్పేనా? నీకు సెయ్యి రానేదు. నాకు మాత్రం వచ్చిందని ఏటి? ముసిలోన్నయిపోనాను, బయపడి బయపడి ఇసుగెత్తి, ఈ ఏడు కర్ర సూపినదే రాసేనేమో. నా వానగుడ్డకి సిరుగుండి తొంబై తొమ్మిదే పడ్డాయేమో."

 అది నేను ఆలోచించలేదు. గదిలో ఎవరూ ఆలోచించలేదు. రెండు రకాలుగానూ చూశానని చెప్పాను కదా నీకు. నా గాబుకే చూశాను. తాత గాబుకి చూడలేదు. కోదండం సారు పెన్సిల్‌తో రాసిన నూట పదిని పట్టుకుని నేను నాలుగు వేళ్లు చూపించాను.

"నిజం చెప్పు తాతా. ఎన్ని ఉన్నాయి?"

"కాయితంలో ఉన్నాది గదా." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు, గాబు చిట్టా. పెన్ను కూడా ఇచ్చాడు. "ఇక్కడ రాయి. మూడో వాడకి ఆరు రోజులు నీల్లు సాలవని తెలిసే అయిదు గంట్లు తీసుకెల్తన్నానని. కింద నీ పేరు, సంతకం. కోదండం పేరు కాదు, నీ పేరు. రాసీ, తిప్పుతాను."

మూడో వాడలో రెండు వందల ఎనభై మంది. పైన ఎవరో పిల్ల ఖాళీ డబ్బా కొడుతూ పాడుతోంది, ఇనప మెట్ల మీదుగా వినపడుతోంది.

నేను లెక్కలు నేర్చుకున్నప్పటి నుంచి కర్ర దించకుండా అంకె రాయలేదు. తడి చూసి, వేలు పెట్టి, అప్పుడే రాస్తాను. ఇక్కడ కర్ర లేదు, తడి లేదు. తాత మొహం ఉంది. అందులోనూ ఏమీ కనిపించడం లేదు. రాయకపోతే అక్క వాడ ఎండుతుంది, అది మాత్రం ఖాయం. రాస్తే ఈ వాడ ఎండొచ్చు, ఎండకపోవచ్చు. ముప్పయ్యేళ్లుగా కాళ్లు వణుకుతూ కూడా వాటా వదిలిన మనిషి, సరిగ్గా ఈ ఏడే మానేశాడా? నేను ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పుకున్నాను. అంకెకి కాదు, మనిషికి.

రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆరు రోజులు అని రాసేటప్పుడు పెన్ను కాగితంలోకి దిగిపోయింది. కింద మసేను అని పెట్టాను.

తాత కాగితం తీసుకుని దూరంగా పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కొలవకండానే పెట్టీసినావురా" అన్నాడు.

"కొలవనివ్వలేదు కదా నువ్వు."

"నేదు." మొలతాడు విప్పి తాళంచెవి తీశాడు. "ఎదవకి దైర్నం వచ్చీసినాది."

ఓడవాళ్ల పడవ కంబం కిందకి వచ్చింది. గొట్టం దించారు. నీళ్లు పడుతుంటే తాత పక్కకి తిరిగి సముద్రం చూస్తున్నాడు, నేను డ్రమ్ములు రాసుకుంటున్నాను. నలభై. నలభై అయిదు. చేతికి అలవాటైన పని కదా, అంకెలు తిన్నగా వచ్చాయి. నలభై తొమ్మిది. యాభై.

"తాతా, యాభై అయ్యాయి."

తిరగలేదు.

"అయిదు గంట్లూ అయిపోయాయి తాతా. కట్టెయ్."

"నీ అక్క పాలిచ్చే మనిసి గదా" అన్నాడు అటు చూస్తూనే. "ఇంకో గంటు పోనీ. నీ గాబులోంచి ఒకటి తక్కువ తీయి. ఏటలగ సూత్తన్నావు? రాసుకో."

పడవలో కుర్రాడు కొత్త డ్రమ్ము గొట్టం కిందకి జరిపాడు. నేను యాభై ఒకటి అని రాశాను.